మంత్రాలకు చింతకాయలు రాలాలంటే ఎంత పడాలి?

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఫాంటసీ ఆటల గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ముడి దగ్గర ఆగిపోయాయి: మాంత్రికుడు మంత్రం వేసినప్పుడు పాచిక ఎవరు వేయాలి, ఎంత పడాలి, పడకపోతే ఏమవుతుంది? అందుకే ఈసారి చోటంతా దానికే కేటాయించాను. జవాబులన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదవ ఎడిషన్‌కు, అంటే 2014లో వచ్చి 2024లో సవరించిన నియమాలకు సంబంధించినవి. పాత ఎడిషన్ల ప్రస్తావన వచ్చిన చోట ఆ మాట విడిగా చెప్పాను. ఆటకు కొత్తవారి కోసం రెండు మాటలు: ఆటను నడిపించే వ్యక్తిని డంజన్ మాస్టర్ అని, పొట్టిగా డీఎం అని పిలుస్తారు, మిగిలినవారు తలా ఒక పాత్రను నడుపుతారు. ఫలితం ముందుగా తేలని పని ఏదైనా ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు, ఆ పాచికనే అందరూ డీ20 అంటారు.

ప్రశ్న: మొదటిసారి విజర్డ్ పాత్ర తీసుకున్నాను. నా కాగితం మీద స్పెల్ సేవ్ డీసీ 13 అని, స్పెల్ అటాక్ +5 అని రెండు అంకెలు రాసి ఇచ్చారు. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి? నా స్నేహితురాలి సోర్సరర్‌కు ఇంటెలిజెన్స్ 8 మాత్రమే ఉన్నా ఆమె కాగితం మీద కూడా ఇవే అంకెలు ఉన్నాయి. అదెలా సాధ్యం?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: ప్రతి పాత్రకూ స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీ, కాన్‌స్టిట్యూషన్, ఇంటెలిజెన్స్, విజ్డమ్, కరిజ్మా అని ఆరు సామర్థ్యాలు ఉంటాయని మీకు తెలిసే ఉంటుంది. ఒక్కొక్క సామర్థ్యం విలువలో నుంచి 10 తీసివేసి, మిగిలినదాన్ని సగం చేసి, భిన్నం వస్తే కిందికి దించితే వచ్చేదే మాడిఫయర్. మీ ఇంటెలిజెన్స్ 16 అయి ఉండాలి, కాబట్టి మాడిఫయర్ +3. దీనికి తోడు ఒకటి నుంచి నాలుగో స్థాయి దాకా అందరికీ సమానంగా ఉండే ప్రొఫిషియెన్సీ బోనస్ +2 ఉంది. ఇది ఐదవ స్థాయిలో +3 అయి, ఆ తరువాత ప్రతి నాలుగు స్థాయిలకూ ఒకటి చొప్పున పెరుగుతూ పదిహేడవ స్థాయికి +6కు చేరుతుంది. ఈ రెండింటినీ కూడితే 5, అదే మీ స్పెల్ అటాక్. దానికి మారని అంకె 8 కలిపితే 13, అదే మీ డీసీ, అంటే మీ మంత్రాన్ని తప్పించుకోవడానికి ఎదుటివాడు అందుకోవలసిన అంకె.

మీ స్నేహితురాలి సంగతి దీనికంటే ఆసక్తికరం. మంత్రశక్తికి ఆధారమయ్యే సామర్థ్యం అందరికీ ఒకటే కాదు. ఆ విద్య ఎలా అబ్బిందన్న దానిని బట్టి మారుతుంది. విజర్డ్‌ది పుస్తకం ముందు కూర్చుని నేర్చిన చదువు, కనుక ఇంటెలిజెన్స్. క్లెరిక్‌ది ఉపాసన, డ్రూయిడ్, రేంజర్‌లది ప్రకృతితో కుదిరిన ఎరుక; ఈ ముగ్గురికీ విజ్డమ్. సోర్సరర్‌కు మంత్రం పుట్టుకతోనే రక్తంలో ఉంటుంది, వార్‌లాక్ ఏదో ఒక మహాశక్తితో ఒప్పందం కుదుర్చుకుని తెచ్చుకుంటాడు, బార్డ్ పాటతో, పాలడిన్ తాను పట్టిన ప్రతిజ్ఞతో సాధిస్తారు. ఈ నలుగురికీ లోపలి నుంచి ఉబికే వ్యక్తిత్వబలమే ముఖ్యం, కాబట్టి కరిజ్మా. మీ స్నేహితురాలికి కరిజ్మా 16 ఉంటుంది. అక్షరం ముక్క రాకపోయినా ఆమె నిప్పు మీ నిప్పంత వేడిగానే ఉంటుంది.

ఇక రెండు అంకెలు ఎందుకంటే, మంత్రాలు రెండు తీరులవి. ఫైర్ బోల్ట్ వంటిది బాణం లాంటిది. గురి మీది, కాబట్టి పాచిక మీరే వేసి +5 కలిపి శత్రువు కవచం అంకెను అందుకోవాలి. బర్నింగ్ హాండ్స్ వంటిది అలా కాదు. మీ చేతుల నుంచి పదిహేను అడుగుల మేర మంట విప్పుకుని వెళుతుంది, గురి అనే మాటే లేదు, అందులో నిలబడినవాడు తప్పుకుంటాడా లేదా అన్నదే ప్రశ్న. అప్పుడు పాచిక అతని చేతికి వెళుతుంది. ఇదే సేవింగ్ త్రో, పొట్టిగా సేవ్. మీ 13 అతను అందుకోవలసిన గడప.

ఒక సన్నివేశం చూద్దాం. మీ మంటలో ఇద్దరు గోబ్లిన్లు చిక్కారు. వారి డెక్స్టెరిటీ 14, మాడిఫయర్ +2. మీరు నష్టం కోసం ఆరు ముఖాల పాచికలు మూడు ఒకేసారి వేశారు, మొత్తం 9 వచ్చింది. ఆ 9 ఇద్దరికీ వర్తిస్తుంది, విడివిడిగా వేయనక్కరలేదు. డీఎం మొదటి గోబ్లిన్‌కు వేస్తే 7 పడింది, 2 కలిపితే 9. గడప అందలేదు, దాని ప్రాణబలం 7 మాత్రమే కనుక అక్కడికక్కడే బూడిద. రెండవదానికి 11 పడింది, 2 కలిపితే సరిగ్గా 13. సమానమైతే తప్పించుకున్నట్టే లెక్క. ఇక్కడ చాలామంది కొత్త డీఎంలు పొరబడతారు. అయితే తప్పించుకున్నా సగం నష్టం తప్పదు, 9లో సగం కిందికి దించితే 4, ఆ గోబ్లిన్ మూడు ప్రాణాలతో కాలిన చెవులు పట్టుకుని పారిపోతుంది. తలకు వచ్చింది తలపాగాతో పోవడమంటే ఇదే. ఈ సగం అన్ని మంత్రాలకూ ఉండదు. క్లెరిక్ వేసే సేక్రెడ్ ఫ్లేమ్‌ను తప్పించుకుంటే ఏమీ తగలదు. ప్రతి మంత్రం వివరణలో చివరి వాక్యాల దాకా చదవడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మా ఫైటర్ పురాతన ఎర్ర డ్రాగన్ ఊపిరిమంటకు ఎదురుపడ్డాడు. సేవ్ వేస్తే 20 పడింది. బల్ల చుట్టూ అందరం లేచి చప్పట్లు కొట్టాం. డీఎం మాత్రం నెమ్మదిగా తల అడ్డంగా ఊపి, తప్పించుకోలేదు, ఇరవై ఆరు పాచికల నష్టం అన్నాడు. ఇది న్యాయమేనా?
– నలుగురు మిత్రులు, హైదరాబాద్

జవాబు: మీ చప్పట్లకు జాలిపడుతున్నాను కానీ తీర్పు డీఎం పక్షానే. ఐదవ ఎడిషన్‌లో 20 పడితే తప్పక తగలడం, 1 పడితే తప్పక గురి తప్పడం అనేవి దాడి పాచికకు మాత్రమే ఉన్న హక్కులు. సేవింగ్ త్రోలో 20 అంటే ఉత్త ఇరవయ్యే. ఆ డ్రాగన్ ఊపిరికి డీసీ 24. మీ ఫైటర్ డెక్స్టెరిటీ మాడిఫయర్ +1 అనుకుంటే మొత్తం 21, ఇంకా మూడు తక్కువ. ఫైటర్‌కు స్ట్రెంగ్త్, కాన్‌స్టిట్యూషన్ సేవ్‌లలోనే ప్రొఫిషియెన్సీ, అంటే ఆ బోనస్ కలుపుకునే హక్కు, ఉంటుంది కనుక, ఎన్ని స్థాయిలు ఎదిగినా అగ్నినుంచి పక్కకు దూకే నేర్పు దానంతట అది పెరగదు.

ఈ అపోహ ఊరికే పుట్టలేదు. 2003 నాటి నియమాల్లో సేవ్ మీద 20 పడితే నిజంగానే గట్టెక్కినట్టు, 1 పడితే మునిగినట్టు. ఆనాటి ఆటగాళ్లు ఇప్పుడు డీఎంలై తమ అలవాటును వెంట తెచ్చుకున్నారు. పైగా ఐదవ ఎడిషన్‌లోనే ఒక మినహాయింపు ఉంది: ప్రాణబలం సున్నాకు పడి, చావుబతుకుల మధ్య ఉన్న పాత్ర వేసే డెత్ సేవ్‌లో 20 పడితే ఒక ప్రాణంతో లేచి కూర్చుంటుంది, 1 పడితే రెండు ఓటములు కింద లెక్క. దీన్ని చూసి అన్ని సేవ్‌లూ ఇంతేననుకుంటారు.

నా మటుకు నేను ఈ నియమాన్ని సమర్థిస్తాను, ఎందుకంటే ఇది ఆటగాళ్లను ఒకరి మీద ఒకరు ఆధారపడేటట్టు చేస్తుంది. మీ ఫైటర్ ఆరవ స్థాయి పాలడిన్‌కు పది అడుగుల లోపు నిలబడి ఉంటే పాలడిన్ కరిజ్మా మాడిఫయర్ అతని సేవ్‌కు కలిసేది. క్లెరిక్ ముందుగా బ్లెస్ వేసి ఉంటే నాలుగు ముఖాల పాచిక ఒకటి తోడయ్యేది. ఒక బండ చాటున సగం దాగినా +2 వచ్చేది, ముప్పావు దాగితే +5. తొమ్మిదవ స్థాయి చేరిన ఫైటర్‌కు ఓడిన సేవ్‌ను మళ్లీ వేసుకునే ఇన్‌డామిటబుల్ అనే శక్తి కూడా ఉంది, అయితే 2014 నియమాల ప్రకారం 20 పడ్డాక మళ్లీ వేసి ప్రయోజనం ఏముంది! డీఎంకు మాత్రం ఒక విన్నపం: ఎంత పడినా తప్పించుకునే వీలు లేదని ముందే తెలిసినప్పుడు పాచిక వేయించవద్దు. ఆశ పెట్టి తుంచడం కంటే, మంట నిన్ను చుట్టేసింది అని వర్ణించి నష్టం చెప్పడం మర్యాద.

ప్రశ్న: మా ఆఫీసులో అరవై దాటిన ఒక అమెరికన్ సహోద్యోగి వారం వారం ఆటకు పిలుస్తారు. ఆయన తన పాత పుస్తకాలతో ఆడిస్తారు. అందులో విషానికి ఒక సేవ్, మంత్రదండానికి ఒక సేవ్, డ్రాగన్ ఊపిరికి ఒక సేవ్ అని ఉంది. సామర్థ్యాల ఊసే లేదు. ఈ మార్పు ఎప్పుడు, ఎందుకు వచ్చింది?
– డల్లాస్‌లో ఉంటున్న ఒక గుంటూరు పాఠకుడు

జవాబు: మీరు అదృష్టవంతులు, ఆ పుస్తకాలను చదవడం వేరు, వాటితో పెరిగిన మనిషి ఆడిస్తుంటే ఆడడం వేరు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను విడుదల చేసినప్పుడు సేవింగ్ త్రోలు అయిదు వర్గాలుగా ఉండేవి: మరణకిరణం లేదా విషం, మంత్రదండాలు, రాయిగా మారడం, డ్రాగన్ ఊపిరి, కర్రలూ మంత్రాలూ. ప్రతి వర్గానికీ పట్టికలో ఒక అంకె ఉండేది. తొలి స్థాయి యోధుడికి ఆ వరుస 12, 13, 14, 15, 16. పాచిక ఆ అంకెకు సమానంగా గానీ ఎక్కువగా గానీ పడితే బతికాడు. అంకె మీ వృత్తినీ స్థాయినీ బట్టి మారేది తప్ప, మంత్రం వేసినవాడు ఊరి చివరి గారడీవాడా, లోకాలను గడగడలాడించే మహామాంత్రికుడా అన్నది పట్టించుకునేది కాదు.

దీనివల్ల ఒక వింత జరిగేది. 1970ల చివర వచ్చిన అడ్వాన్స్‌డ్ నియమాల్లో పదిహేడవ స్థాయి చేరిన ఫైటర్ మంత్రాన్ని తప్పించుకోవడానికి 6 పడితే చాలు, అంటే నూటికి డెబ్బై అయిదు సార్లు. విజర్డ్ ఎంత ఎదిగినా అతని మాయ, తనతో సమానంగా ఎదిగిన శత్రువు మీద క్రమంగా మొద్దుబారుతుంది; కత్తి మాత్రం పదునెక్కుతూ పోతుంది. ఆ పాత సమతూకం నాకు ఇష్టం, కానీ అది సమతూకమని విజర్డ్ ఆడేవారిని ఒప్పించడం కష్టం.

ఆ సేవ్ వెనుక ఆలోచన ఏమిటో గైగాక్స్ 1979లో డంజన్ మాస్టర్ల కోసం రాసిన పుస్తకంలోనే చర్చించారు. బండకు గొలుసులతో కట్టివేసిన మనిషి మీద ఎర్ర డ్రాగన్ మంట ఊదితే అతనికి సేవ్ ఎందుకు ఇవ్వాలి? ఇవ్వాలి అన్నది ఆయన వాదన. చివరి క్షణంలో ఆ బండలో ఒక పగులు కనిపించి అందులోకి ఒదిగాడేమో, ఎలాగో ఆ గొలుసుల నుంచి విడిపించుకున్నాడేమో. అంటే ఆనాడు సేవింగ్ త్రో శరీరబలమో మనోబలమో కొలిచే పరీక్ష కాదు. కథానాయకుడికి దక్కే ఆఖరి అవకాశం, ఎలా బతికాడన్నది పాచిక పడ్డాక కల్పించుకునే కథ.

2000లో వచ్చిన మూడవ ఎడిషన్ ఈ దృష్టిని తిరగేసింది. అయిదు వర్గాలు పోయి, దెబ్బ తట్టుకునే ఫార్టిట్యూడ్, పక్కకు తప్పుకునే రిఫ్లెక్స్, మనసును నిలబెట్టే విల్ అనే మూడు వచ్చాయి; డీసీ కూడా 10కి మంత్రం స్థాయి, మాంత్రికుడి మాడిఫయర్ కలిపి లెక్కకట్టేవారు, కాబట్టి వేసేవాడి ప్రతిభ మొదటిసారి బరిలోకి దిగింది. 2008 నాటి నాల్గవ ఎడిషన్ ఆ మూడింటినీ కవచం లాంటి స్థిరమైన అంకెలుగా మార్చి పాచికను మాంత్రికుడికే ఇచ్చేసింది. సేవింగ్ త్రో అనే పేరు మాత్రం, పట్టుకున్న పీడ వదిలిందో లేదో చూసే పాచికకు మిగిలింది. 2014లో పాచిక తిరిగి బాధితుడి చేతికి వచ్చింది, ఆరు సామర్థ్యాలకూ ఆరు సేవ్‌లు ఏర్పడ్డాయి, మంత్రం స్థాయి డీసీ లెక్కలో నుంచి తప్పుకుంది. మీ సహోద్యోగి ఆటలో విషం తగిలినప్పుడు మీరు కాన్‌స్టిట్యూషన్ అంకె వెతుక్కోకండి. కాగితం మీద మొదటి గడి చూసి వేసేయండి.

ప్రశ్న: ఐదవ స్థాయి విజర్డ్‌ను, ఇంటెలిజెన్స్ 18. నా మంత్రాలన్నీ శత్రువులు తప్పించుకుంటూనే ఉన్నారు. రెండవ స్థాయి మంత్రం ఖర్చుపెట్టి ఓగర్ కళ్లు పోగొట్టాలని చూస్తే అది కూడా ఫలించలేదు. నా పాచికలకు శని పట్టిందా?
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: పాచిక వేసింది మీరు కాదు కదా, శనిని మీ మీదకు తెచ్చుకోవడం దేనికి! మీ డీసీ 8, 3, 4 కలిపి 15. ఇక ఓగర్‌ను చూడండి: కాన్‌స్టిట్యూషన్ 16, డెక్స్టెరిటీ 8, విజ్డమ్ 7. మీరు వేసిన బ్లైండ్‌నెస్ కాన్‌స్టిట్యూషన్ మీద పనిచేస్తుంది, ఓగర్‌కు అక్కడ +3, అంటే 12 పడితే చాలు, నూటికి నలభై అయిదు సార్లు బయటపడుతుంది. కొండలాంటి మనిషిని కండబలంలో సవాలు చేశారన్నమాట. అదే విజ్డమ్ సేవ్ అడిగి ఉంటే దాని మాడిఫయర్ –2, పదిహేడు పడాలి, తప్పించుకునే వీలు నూటికి ఇరవయ్యే.

టాషాస్ హిడియస్ లాఫ్టర్ అనే మొదటి స్థాయి మంత్రం మీ దగ్గర ఉందేమో చూడండి. అది విజ్డమ్ మీద పడుతుంది; ఓడిన ప్రాణి నేల మీద పడి, లేవలేక, ఏ పనీ చేయలేక పొట్ట పట్టుకుని నవ్వుతూ దొర్లుతుంది. 2014 నియమాల్లో ఇంటెలిజెన్స్ 4 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నవాటికి ఈ నవ్వు ఎక్కదు; ఓగర్‌కు సరిగ్గా 5. జోకు అర్థం కావడానికి కావలసినంత తెలివి మాత్రమే దేవుడిచ్చాడు. ప్రతి వంతు చివరా అది మళ్లీ సేవ్ వేసుకుంటుంది, దెబ్బ తగిలిన ప్రతిసారీ రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటుంది, కనుక మీ మిత్రులను తలా ఒక చిన్న గాయం చేయవద్దని, గట్టి దెబ్బలు కొన్నే వేయమని చెప్పండి. ఐదవ ఎడిషన్‌లో మంత్రం స్థాయి పెరిగినంత మాత్రాన డీసీ పెరగదు కాబట్టి, సరైన చోట కొట్టిన చిన్న మంత్రం తప్పు చోట కొట్టిన పెద్ద మంత్రం కంటే మేలు.

శత్రువు బలహీనత ఎలా తెలుస్తుందంటే చాలావరకు రూపాన్ని చూసి ఊహించవచ్చు. మందంగా, బరువుగా ఉన్నదాన్ని డెక్స్టెరిటీతో, మృగంలాంటిదాన్ని విజ్డమ్ లేదా ఇంటెలిజెన్స్‌తో, సన్నని పండితుడిని స్ట్రెంగ్త్‌తో పట్టండి. హోల్డ్ పర్సన్ మనుషుల వంటి జాతుల మీదే పనిచేస్తుందని, ఓగర్ జయంట్ల కోవకు చెందుతుందని మరచిపోకండి; ఆ పొరపాటు నేనే ఒక ఆదివారం ఆటలో చేసి, మంత్రం పోగొట్టుకుని, డీఎం జాలిచూపులు భరించాను. పెద్ద డ్రాగన్ల వంటివాటికి లెజెండరీ రెసిస్టెన్స్ ఉంటుంది, ఓడిన సేవ్‌ను రోజుకు సాధారణంగా మూడు సార్లు గెలుపుగా మార్చుకోగలవు. వాటి మీద మీ అపురూపమైన మంత్రాన్ని మొదటే విసరకండి. డీఎం తప్పక అడ్డుకోవలసిన చౌక మంత్రాలతో ముందు ఆ మూడూ అరగదీయండి. సేవ్ గొడవే వద్దనుకుంటే మ్యాజిక్ మిసైల్ ఉండనే ఉంది, దానికి గురి పాచికా లేదు, తప్పించుకునే పాచికా లేదు.

ప్రశ్న: మంత్రం వేసినవారు కూడా సేవ్ వేయాలని మా డీఎం అంటున్నారు. నిజమేనా?
– కర్నూలు పాఠకురాలు

జవాబు: నిజమే. కాన్సంట్రేషన్ అవసరమైన, అంటే వేసినవారు ధ్యాస నిలిపి ఉంచితేనే కొనసాగే మంత్రం నడుస్తుండగా మీకు దెబ్బ తగిలితే కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేయాలి. డీసీ 10, లేదా తగిలిన నష్టంలో సగం, ఏది ఎక్కువైతే అది. 28 నష్టం తగిలితే డీసీ 14. ఓడితే మంత్రం తెగిపోతుంది. విజర్డ్‌కు ఈ సేవ్‌లో ప్రొఫిషియెన్సీ లేదు, సోర్సరర్‌కు ఉంది. రెండు వృత్తులు కలపాలనుకునేవారు మొదటి స్థాయి ఏ వృత్తిలో తీసుకోవాలో ఇక్కడే ఆలోచించుకోవాలి, ఎందుకంటే రెండవ వృత్తి సేవ్ ప్రొఫిషియెన్సీలను ఇవ్వదు. 2024 సవరణలో, ఎదుటివారి మంత్రాన్ని అడ్డుకునే కౌంటర్‌స్పెల్ కూడా ఈ దారి పట్టింది. మునుపు అడ్డుకునేవాడు తన సామర్థ్యంతో పాచిక వేసేవాడు; ఇప్పుడు మంత్రం వేస్తున్నవాడే కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేసి దాన్ని నిలబెట్టుకోవాలి.

ప్రశ్న: మనవలు ఆడుతుంటే వింటున్నాను. సేవింగ్ త్రోకు తెలుగులో ఏమనాలి? రక్షణ పాచిక అంటే సరిపోతుందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, రక్షణ పాచిక తప్పు కాదు కానీ అది కవచానికి చెందిన మాటలా వినిపిస్తుంది. మనకు గండం గడవడం, గండం గట్టెక్కడం అనే పలుకుబడులు ఎలాగూ ఉన్నాయి. గండం పాచిక అంటే విన్న వెంటనే బోధపడుతుందని నా ఉద్దేశం. డీసీని గండం అంకె అనవచ్చు. మీ మనవలు దీన్ని ఒప్పుకుంటారని మాత్రం పూచీ పడలేను; ఏ బల్ల దగ్గర చూసినా "సేవ్ వెయ్యి" అనే వినిపిస్తుంది, ఆ రెండు మాటల్లో రెండవది మన తెలుగేనని మీరు సంతోషించవలసి ఉంటుంది.